బొమ్మ ముందు మనిషిని ఆపే విద్య: ఆర్ట్ మ్యూజియం ఎడ్యుకేటర్ శిక్షణలో ఏముంటుంది?

హైదరాబాద్ సాలార్ జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెక్కా విగ్రహం దగ్గర కాసేపు పక్కన నిలబడి, బొమ్మని కాకుండా వచ్చేపోయేవాళ్లని గమనించండి. వస్తారు, "అబ్బ, ముసుగు కూడా రాయేనట!" అంటారు, వెనక్కి తిరుగుతారు. ఇది మన దగ్గరే కాదు, ఎక్కడైనా అంతే. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జనం ఒక్కో గొప్ప చిత్రం ముందు ఎంతసేపు నిలబడుతున్నారో గడియారం పెట్టి లెక్కగట్టిన అధ్యయనం 2001లో అచ్చయింది. సగటు 27 సెకన్లు. సగం మందికైతే 17 సెకన్లు దాటలేదు.

ఆ 17 సెకన్లని పది నిమిషాలు చేయడం మ్యూజియం ఎడ్యుకేటర్ పని. ఆ పది నిమిషాలూ చూసేవాళ్లవి కావాలి. ఎడ్యుకేటర్ ఉపన్యాసంతో నిండిపోతే పని జరగనట్టే. ఈ ఉద్యోగానికి కళాచరిత్ర బాగా వస్తే చాలనుకుని వచ్చేవాళ్లు ఎక్కువ. చరిత్ర కావాలి, అందులో అనుమానం లేదు. కానీ శిక్షణలో ఎక్కువ కాలం పట్టేది అది కాదు. తెలిసిన విషయాన్ని నోట్లోనే ఆపుకుని, ఎదుటివాళ్ల కంటికి అవకాశం ఇవ్వడం అలవాటయ్యేసరికి నెలలు పడుతుంది.

గైడ్ వేరు, క్యూరేటర్ వేరు

క్యూరేటర్ వస్తువుల సంగతి చూస్తారు: ఏది సేకరించాలి, ఏది ఎక్కడ పెట్టాలి, దాని మీద ఏం రాయాలి. గైడ్ తిప్పి చూపిస్తారు, కథ చెబుతారు. ఎడ్యుకేటర్ వస్తువుకీ మనిషికీ మధ్య ఉండి, బడిపిల్లలకీ టీచర్లకీ కుటుంబాలకీ చూపు సరిగా లేనివాళ్లకీ వేర్వేరుగా కార్యక్రమాలు తయారుచేస్తారు, నడుపుతారు, అవి పనిచేశాయో లేదో పరీక్షించుకుంటారు. మన ప్రభుత్వ మ్యూజియాల్లో ఈ పని గైడ్ లెక్చరర్, ఎడ్యుకేషన్ ఆఫీసర్ లాంటి హోదాల కింద నడుస్తుంది. ప్రకటనల్లో "ఎడ్యుకేటర్" అన్న మాట కోసమే వెతికితే చాలా ఉద్యోగాలు కంటపడవు.

"డోసెంట్" అనే ఇంకో మాట కూడా వినబడుతుంది, వచ్చినవాళ్లకి వస్తువులు చూపించి వివరించే మనిషి అని అర్థం. 1907లో బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ హయాంలో ఈ పద్ధతి మొదలైంది. అమెరికాలో డోసెంట్లు చాలావరకు జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలు. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ 2021లో తన డోసెంట్ల వ్యవస్థని ఆపి, జీతమిచ్చే ఎడ్యుకేటర్ల వైపు మళ్లినప్పుడు పెద్ద గొడవే అయింది. ఏళ్ల తరబడి నేర్చుకున్నవాళ్లని పంపేస్తారా అని కొందరు, జీతం లేకుండా పనిచేయగల స్తోమత ఉన్నవాళ్లకే ఈ పని దక్కుతోంది కదా అని కొందరు. రెండు మాటల్లోనూ నిజముంది. ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి: నేర్చుకునే రోజుల్లో స్వచ్ఛందంగా చేయడం మంచిదే, నేర్చుకున్నాక ఇది జీతమియ్యాల్సిన వృత్తి.

చదువు సంగతి

మన దేశంలో మ్యూజియాలజీ, అంటే మ్యూజియాల పని నేర్పే చదువుకి పాత పేరు బరోడా. మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయంలో ఈ శాఖ 1952లో వచ్చింది. కలకత్తా, బెనారస్ విశ్వవిద్యాలయాల్లోనూ ఉంది. ఢిల్లీలో 1989లో పెట్టిన నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్ కళాచరిత్ర, సంరక్షణ, మ్యూజియాలజీ మూడింట్లోనూ ఎం.ఎ. చెప్పింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ సరోజినీ నాయుడు స్కూల్లో కళాచరిత్ర చదవొచ్చు. విదేశాల్లో అచ్చంగా మ్యూజియం విద్య మీదే పి.జి. కావాలంటే న్యూయార్క్‌లో బ్యాంక్ స్ట్రీట్ కాలేజీ ప్రసిద్ధం. మ్యూజియం అధ్యయనాలకి ఇంగ్లండ్‌లో లెస్టర్ విశ్వవిద్యాలయం.

మ్యూజియాలజీ డిగ్రీలో బోధన ఒకటి రెండు పేపర్లకి మించదు. బి.ఇడి. చేసినవాళ్లకి పిల్లలు తెలుసు, వస్తువు తెలియదు. కళాచరిత్ర చేసినవాళ్లకి వస్తువు తెలుసు, ఏడో తరగతి పిల్లాడు మధ్యాహ్నం మూడింటికి ఎలా ఉంటాడో తెలియదు. ఎవరు ఏ దారిన వచ్చినా సగం శిక్షణ గ్యాలరీలో నిలబడే పూర్తవుతుంది.

ముందు మన కన్ను

మొదటి నెలలో కొత్తవాళ్లకి ఇచ్చే అభ్యాసం చూడ్డానికి చాలా తేలిక. ఒక వస్తువు ఎంచుకోవాలి. దాని పక్కనున్న లేబుల్ చదవకూడదు, ఫోన్ తీయకూడదు. అరగంట కూర్చుని కంటికి కనిపించేవి మాత్రమే ముప్ఫై రాయాలి. పన్నెండు పదిహేను దాకా చకచకా వస్తాయి, ఆపైన చెయ్యి ఆగిపోతుంది. ఆగిపోయాక వచ్చేవే పనికొచ్చేవి. తర్వాత పెన్సిల్‌తో ఒక బొమ్మ గీయాలి. బాగా రావాల్సిన పనేం లేదు, గీస్తే కన్ను తప్పించుకోలేదు, అంతే. గ్యాలరీలో పెన్ను వాడకూడదన్న నియమం కూడా ఇక్కడే ఒంటబడుతుంది: సిరా చుక్క పడితే పోదు.

రెబెక్కా విగ్రహాన్ని ఈ పద్ధతిలో చూస్తే ఏం దొరుకుతుందో చెప్పుకుందాం. ముసుగు పారదర్శకంగా ఉందని అందరూ అంటారు. పాలరాయి అలా పారదర్శకం కాదు. శిల్పి ముక్కు, పెదవులు, కనురెప్పలు ఉండాల్సినంత పదునుగా చెక్కలేదు, అంచులు మెత్తబరిచాడు. వాటి మీదుగా సన్నటి మడతలు గీతల్లా పైకి తేల్చాడు. బట్ట ముఖానికి అతుక్కున్నచోట మడత దాదాపు లేదు, ముఖానికి దూరంగా జారినచోట మడత లోతుగా ఉండి నీడ పడుతుంది. కింద ముఖం, పైన బట్ట అని రెండు పొరలు లేవు. ఉన్నది ఒకే ఉపరితలం, రెండుగా చదువుకునేది మన కన్ను. ఈ సంగతి సందర్శకుల చేత కనిపెట్టించవచ్చు. "మడత ఎక్కడ లోతుగా ఉంది, ఎక్కడ లేదు?" అని ఒక్కటడిగితే చాలు, పది నిమిషాలు గడిచిపోతాయి.

ఆ తర్వాతే పుస్తకాలు. ప్రతి వస్తువుకీ ఒక పేజీ ఫైలు ఉండాలి. ఎవరు, ఎప్పుడు, దేనితో, ఎలా ఇక్కడికొచ్చింది: జొవాన్ని మరియా బెంజోని అనే ఇటలీ శిల్పి, 1876, పాలరాయి, మొదటి సాలార్ జంగ్ రోమ్‌లో కొన్నది. కథ రెండు వాక్యాల్లో: బైబిల్ పాత నిబంధనలో రెబెక్కా పెళ్లికూతురిగా ప్రయాణమై వస్తూ, పెళ్లికొడుకు ఇస్సాకుని దూరం నుంచి చూసి, ఒంటె దిగి ముసుగేసుకుంటుంది. మన పెళ్లిళ్లలో తెర తెలిసిన తెలుగు పిల్లలు ఇది వెంటనే పట్టుకుంటారు. ఆ పైన మనం అడగబోయే మూడు ప్రశ్నలు. చివర, ఈ వస్తువు గురించి తరచుగా చెప్పే తప్పులు. చివరి వరస చాలామంది రాయరు. రెబెక్కా విషయంలో "ప్రపంచంలో ఇదొక్కటే" అన్న మాట ఎప్పటినుంచో తిరుగుతోంది. బెంజోని ఇదే విషయాన్ని ఒకటికంటే ఎక్కువసార్లు చెక్కాడు. అట్లాంటాలో ఉన్న తెలుగువాళ్లు అక్కడి హై మ్యూజియంకి వెళ్తే ఇంకో రెబెక్కాని చూడొచ్చు. అలాగే అమరావతి శిల్పాలని "పాలరాతి శిల్పాలు" అనడం. అవి పల్నాటి సున్నపురాతివి. పాత ఇంగ్లీషు రాతల్లో పాలరాయి అని పడింది, అదే మాట ఇప్పటికీ నడుస్తోంది.

ప్రశ్న వేయడం

అడగడానికి ఒక చట్రం బాగా వ్యాప్తిలో ఉంది. అబిగెయిల్ హౌసెన్ అనే మనస్తత్వ పరిశోధకురాలు, న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో విద్యావిభాగం నడిపిన ఫిలిప్ యెనవైన్ కలిసి తీర్చిదిద్దిన విజువల్ థింకింగ్ స్ట్రాటజీస్. మూడే ప్రశ్నలు. తెలుగులో అయితే ఇలా: "ఈ బొమ్మలో ఏం జరుగుతోంది?" "ఏం చూసి అలా అనిపించింది?" "ఇంకా ఏం కనిపిస్తోంది?"

రెండో ప్రశ్నని తెలుగులోకి తెచ్చేటప్పుడే చాలామంది కాలు జారతారు. "ఎందుకలా అనుకుంటున్నావు?" అని అడుగుతారు. మన తరగతి గదుల్లో "ఎందుకు" అని టీచర్ అడిగితే, చెప్పింది తప్పని అర్థం. పిల్లాడు వెంటనే మాట మార్చేస్తాడు, లేదా తల దించుకుంటాడు. "ఏం చూసి" అంటే వాడి కళ్లు బొమ్మ మీదికి వెళ్తాయి. పిలుపులో కూడా జాగ్రత్త కావాలి. చిన్నపిల్లలని "చెప్పమ్మా", "చెప్పు నాన్నా" అనొచ్చు. ఇంటర్ దాటినవాళ్లని "మీరు" అనకపోతే నోరు విప్పరు.

జవాబు వచ్చాక చేయాల్సినవి మూడు. ఏ భాగం గురించి మాట్లాడారో అక్కడ చేత్తో చూపాలి, తాకకుండా, ఒక చెయ్యి దూరం నుంచి. వాళ్లన్నదాన్ని ఇంకో మాటల్లో తిరిగి చెప్పాలి. ఇంతకుముందు ఇంకెవరో అన్నదానితో ముడిపెట్టాలి. తిరిగి చెప్పేటప్పుడు మన అభిప్రాయం కలిపేయడం మామూలుగా జరిగే పొరపాటు. "ఆమె బాధగా ఉంది" అన్న మాట "అంటే ఆమె విరహంతో ఉందన్నమాట" అయిపోతే, ఆ అమ్మాయి ఇంక మాట్లాడదు. "వెరీ గుడ్" కూడా మానాలి. ఒకరికి చెప్పి ఇంకొకరికి చెప్పకపోతే సరైన జవాబు ఏదో తేలిపోయిందని గుంపు మొత్తం మౌనంలోకి వెళ్తుంది.

చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో అమరావతి నుంచి వెళ్లిన ఒక గుండ్రటి శిల్ప ఫలకం ఉంది, సుమారు రెండో శతాబ్దానిది. దాని ముందు సంభాషణ ఎలా నడుస్తుందో చూడండి.

"ఏం జరుగుతోంది?"
"రెండు ఏనుగులున్నాయి."
"ఏం చూసి రెండు ఏనుగులని తెలిసింది?"
"ఒకటి మనిషిని పట్టేసింది. ఇంకోటి వంగి దణ్ణం పెడుతోంది."
"ఒక ఏనుగు జనం మీద పడింది, ఒకటి వంగింది. ఇంకా ఏం కనిపిస్తోంది?"
"పైన కిటికీల్లోంచి చూస్తున్నారు."
"ఈమె భయపడి ఆయన్ని పట్టుకుంది."
"నాకైతే ఒకే ఏనుగేమో అనిపిస్తోంది. ముందు కోపం, తర్వాత సైలెంట్."

ఇక్కడ ఎడ్యుకేటర్ నోరు విప్పాలి. ఒకే ఏనుగు రెండుసార్లు ఉందని వాళ్లు కనిపెట్టారు. ఇప్పుడు దాని పేరు నాళాగిరి అని, బుద్ధుణ్ణి చంపించడానికి దేవదత్తుడు రాజగృహం వీధిలోకి వదిలించాడని, అది బుద్ధుడి ముందు మోకరిల్లిందని చెబితే ఆ సమాచారానికి చోటు దొరుకుతుంది. అదే ముందే చెప్పేసి ఉంటే వాళ్లు కథని సరిచూసుకుని వెళ్లిపోయేవాళ్లు.

మూడు ప్రశ్నల పద్ధతిని మతంలా పట్టుకునేవాళ్లతో మాకు పేచీ ఇక్కడే. ఎంతసేపు చూసినా దేవదత్తుడు రాతిలో కనిపించడు. కళ్లతో దొరికేది కళ్లకి వదలాలి, దొరకనిది సమయం చూసి ఇవ్వాలి. ఏది ఎప్పుడో తెలియడమే నేర్పు. చేర్యాల పటం (కథని వరస బొమ్మలుగా గీసిన పొడవాటి బట్ట చుట్ట) పట్టుకుని కథ చెప్పే కాకిపడగలవాళ్లకి ఈ నేర్పు తరతరాలుగా ఉంది. పటం మొత్తం ఒక్కసారి పరవరు. ఒక అంకం విప్పి, అది చెప్పి, తర్వాతది విప్పుతారు. మ్యూజియంలో అదే పటం పూర్తిగా పరిచి అద్దం వెనక పెడతాం. చూసేవాడికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. అలాంటప్పుడు తెల్ల అట్టలు రెండు తీసుకుని, అద్దానికి కాస్త దూరంలో పట్టి, ఒక్కో అంకమే కనబడేలా చేస్తే పిల్లలు కదలకుండా చూస్తారు.

ఆగడం

ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారని, దాన్ని మూడు సెకన్లకి పెంచితే జవాబులు పొడవుగా, ఆలోచనతో వస్తాయని, మామూలుగా మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడతారని మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త 1970లలోనే చూపించారు. మ్యూజియంలో మూడు చాలదు, వస్తువుని మళ్లీ చూడాలి కాబట్టి ఐదు నుంచి పది కావాలి. పది సెకన్ల నిశ్శబ్దం కొత్తవాళ్లకి యుగంలా అనిపిస్తుంది. కంగారుపడి తమ ప్రశ్నకి తామే జవాబిచ్చేస్తారు. మందు ఒకటే: అడిగాక మనమూ బొమ్మ వైపు తిరిగి, మనసులో పది లెక్కపెట్టడం. మన కళ్లు వాళ్ల మీద ఉంటే పరీక్షలా ఉంటుంది, బొమ్మ మీద ఉంటే అందరం కలిసి చూస్తున్నట్టుంటుంది.

గంట లెక్క

గంట కార్యక్రమానికి నాలుగు వస్తువులు చాలు. పరిచయం 5 నిమిషాలు, ఒక్కో వస్తువుకి 10 చొప్పున 40, నడకకి 8, చివర 7. కొత్తవాళ్లు పది వస్తువులు పెట్టుకుని ఐదోదాని దగ్గరే సమయం అయిపోగొట్టుకుంటారు. నాలుగూ ఒకే వాక్యం కింద ఒదగాలి. "సాలార్ జంగ్ విశేషాలు" అంశం కాదు. "శిల్పి కదలని వస్తువులో రెండు సంగతులు ఎలా చూపిస్తాడు" అంటే అంశం. దాని కింద రెబెక్కా, ఒకే దుంగలో ముందు మెఫిస్టోఫిలిస్ అనే దెయ్యం, వెనక మార్గరెట్టా అనే అమ్మాయి (ఇద్దరూ గోథే "ఫౌస్ట్" నాటకంలోని పాత్రలు) ఉన్న చెక్క విగ్రహం పక్కపక్కన నిలబడతాయి.

గుంపు పన్నెండు పదిహేను మందికి మించకూడదు. బస్సులో యాభై మంది దిగితే నాలుగు గుంపులు చేసి, నాలుగు వేర్వేరు చోట్ల మొదలుపెట్టి ఒకే దిశలో తిప్పాలి. ఎడ్యుకేటర్లు ఇద్దరే ఉంటే సగం మందికి కాగితం, పెన్సిల్, ఒక గీసే పని ఇచ్చి టీచర్లకి అప్పగించాలి. ఆ టీచర్లకి ముందే చెప్పి ఉంచకపోతే, పిల్లల తరఫున వాళ్లే జవాబులిస్తారు, లేదా లేబుల్ మొత్తం ఎక్కించుకోమంటారు.

సాలార్ జంగ్‌లో సంగీత గడియారం గంట కొట్టే వేళకి ఆ చుట్టుపక్కల కార్యక్రమం పెట్టుకోకూడదు. జనం మొత్తం అటే ఉంటారు, మీ గొంతు వినబడదు. అద్దాల పెట్టెల దగ్గర పిల్లల ఎత్తుకి కూర్చుని చూసి రావాలి, పెద్దవాళ్లకి కనిపించేది వాళ్లకి ప్రతిబింబం తప్ప కనిపించకపోవచ్చు. వస్తువుకీ గుంపుకీ మధ్య ఎప్పుడూ నిలబడకూడదు, పక్కన ఉండాలి. సూక్ష్మచిత్రాల గదిలో "ఇంత చీకటేంటి?" అని తప్పకుండా అడుగుతారు. కాగితం, బట్ట మీది రంగులు వెలుగుకి వెలిసిపోతాయి కాబట్టి దీపాల వెలుగు 50 లక్స్ (వెలుగుని కొలిచే ప్రమాణం) దగ్గర ఉంచుతారు. తైలవర్ణ చిత్రాలు 200 దాకా ఓర్చుకుంటాయి. ఈ జవాబు దగ్గరుంటే ఫిర్యాదు కాస్తా పాఠమవుతుంది.

తాకొద్దని పదిసార్లు చెప్పడం కంటే, తాకడానికి వేరేవి ఇవ్వడం పనిచేస్తుంది. ఒక పెట్టెలో పాలరాయి ముక్క, సున్నపురాయి ముక్క, చింతగింజల పిండి, సుద్ద, జిగురు పూసిన చేర్యాల పటం బట్ట. చూపు లేనివాళ్లకి ఇది మరీ ముఖ్యం. వాళ్లకి వర్ణించేటప్పుడు ముందు పరిమాణం, పదార్థం, తర్వాత మొత్తం ఆకారం, చివరికి చిన్న వివరాలు. ఈ వరస తప్పితే మనసులో బొమ్మ కట్టదు.

ఎవరు సరిదిద్దుతారు?

శిక్షణ క్రమం చాలాచోట్ల ఇలా సాగుతుంది: అనుభవం ఉన్నవాళ్ల వెనక పది పన్నెండు కార్యక్రమాలు నోటుపుస్తకంతో తిరగడం, తర్వాత వాళ్ల కార్యక్రమంలో ఒక్క వస్తువు మనం నడపడం, ఆపైన పూర్తిగా మనమే నడుపుతుంటే ఒకరు వెనక నిలబడి రాసుకోవడం. వెనక నిలబడేవాళ్లు "బాగుంది" అని వదిలేస్తే శిక్షణ వృథా. అందుకే అంకెలు కావాలి. అనుమతి తీసుకుని ఫోన్లో గొంతు రికార్డు చేసి, ఇంటికెళ్లి లెక్కపెట్టుకోవాలి: గంటలో నేను ఎన్ని నిమిషాలు మాట్లాడాను? ఎన్ని ప్రశ్నలకి అవును-కాదు తప్ప వేరే జవాబు లేదు? ఎంతమంది వేర్వేరు మనుషులు నోరు విప్పారు? మొదటి రికార్డులో మనదే నలభై యాభై నిమిషాలు తేలడం మామూలే. సగానికి తగ్గడం మంచి గురి.

ఇంకా, "దీని ఖరీదెంత?" అన్న ప్రశ్నకి సిద్ధంగా ఉండాలి. రోజూ వస్తుంది. విసుక్కోకూడదు. ఆ మనిషి దీని విలువ ఏంటో తెలుసుకోవాలనుకుంటున్నాడు, దగ్గరున్న కొలత డబ్బు. "అమ్మకానికి లేదు కాబట్టి ధర కట్టలేదు. మీరైతే దేన్ని చూసి ధర కడతారు, రాయినా, పనితనాన్నా, పాతదనాన్నా?" అంటే సంభాషణ మళ్లీ బొమ్మ దగ్గరికొస్తుంది. తెలియని ప్రశ్న వస్తే తెలియదనే చెప్పి, రాసుకుని, ఫైలులో చేర్చాలి. ఊహించి చెప్పిన జవాబు ఆ పిల్లల నోటుపుస్తకాల్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు: చాలా మ్యూజియాలు ఒక వస్తువు ముందు పది పదిహేను నిమిషాల డెమో అడుగుతాయి. ముందురోజే టికెట్ కొనుక్కుని వెళ్లి, ఆ వస్తువు దగ్గర గంట కూర్చోండి. వెలుగు ఎటు నుంచి పడుతోందో, పదిమంది ఎక్కడ నిలబడితే అందరికీ కనిపిస్తుందో చూసుకోండి. మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకోండి, చెప్పాల్సిన సమాచారం నాలుగు వాక్యాలకి మించనివ్వకండి. మొదటి ప్రశ్న అడిగాక ప్యానెల్ సభ్యులెవరూ మాట్లాడకపోతే కంగారుపడి రెండో ప్రశ్నకి వెళ్లకండి. వాళ్లు చూస్తుండేది మీరు ఎంతసేపు ఆగగలరా అనే.